కుట్టులో వదిలిన బట్ట

ఆ పొద్దున ఈల వినపడలేదు.

లాడ్జిలో దిగిన దగ్గర్నుంచీ వాళ్ళకి తెల్లవారేది ఈలతోనే. గైడు కింద వరండాలో నిలబడి డ్రిల్లు మాస్టారిలా ఊదేవాడు. ఒకసారి ఊదితే పళ్ళు తోముకోవాలి, రెండోసారి ఊదితే బస్సెక్కాలి. బస్సు దిగితే ఫొటో దిగాలి, ఫొటో దిగాక మళ్ళీ బస్సెక్కాలి. మధ్యలో తలలు లెక్కపెట్టేవాడు. "దీనికంటే ఇంటి దగ్గర మిషను తొక్కుకోవడమే నయం, కాళ్ళు పరిగెత్తినా మనిషి ఉన్నచోటే ఉండేది," అని టైలరమ్మ ఒకసారి బస్సులో పక్కసీటావిడతో అంది కూడా.

టైలరమ్మ అని ఆమెని వీధి వీధంతా పిలిచేది. ఇంటి ముందుగదిలో కుట్టుమిషను, గోడకి కొలతల టేపు, ఎప్పుడు చూసినా బ్లౌజులో గుచ్చుకున్న ఒక సూది. పరాయి దేశం వచ్చినా ఆ సూది అక్కడే ఉంది. విమానం ఎక్కేటప్పుడు చేతిసంచిలో ఉన్న చిన్న కత్తెర తీసేసుకున్నారు గానీ, కుట్లు విప్పే కొక్కెం అంటే ఏమిటో ఆ తనిఖీ పిల్లకి తెలియలేదు. అటూ ఇటూ తిప్పి చూసి, చెవిలో గులిమి తీసుకునేది అనుకుందో ఏమో, తిరిగి సంచిలో పడేసింది.

ఈల బదులు తలుపు చప్పుడైంది. లాడ్జి ఆవిడ. ఆవిడ భాష వీళ్ళకి రాదు, వీళ్ళ భాష ఆవిడకి రాదు. ఆవిడ ఫోనులో తన మాట చెప్తే ఫోను తెలుగులో పలికేది, నాటకంలో రాజుగారిలా.

"మీ మార్గదర్శకుని దంతము వాచినది. నేడు ప్రయాణము లేదు. విశ్రమింపుడు," అంది ఫోను.

మంచం మీద కూర్చున్న భర్త పెదవి కొంచెం కదిలింది. నవ్వేమోనని టైలరమ్మ చూసేలోపే పోయింది.

ఆయన మోటారు మేస్త్రి. కాలిపోయిన నీళ్ళ మోటార్లు విప్పి, మాడిన తీగ పెరికేసి, కొత్త రాగితీగ చుట్టి వార్నిష్ పోస్తాడు. ఎన్ని సబ్బులు అరగదీసినా ఆ వేళ్ళకి వార్నిష్ వాసన వదలదు. మాట తక్కువ మనిషి. ముందు అలా ఉండేవాడు కాదు.

ఆమె లేచి, రోజూ చేసే మొదటి పని చేసింది. పెట్టె తెరిచి, పిల్లాడి చొక్కా తీసి, దులిపి, హ్యాంగరుకి తగిలించి, బాల్కనీ తలుపు కొక్కేనికి వేలాడదీసింది. గాలి తగలకపోతే దానికి ముక్కిన వాసన వస్తుంది.

పిల్లాడు ఏడేళ్ళప్పుడు పోయాడు. ఆ నీలిగళ్ళ చొక్కా ఆమె కుట్టిందే. పెరిగే పిల్లాడు కదా అని పక్క కుట్ల లోపల మూడు వేళ్ళ వెడల్పున బట్ట ఎక్కువ వదిలి కుట్టింది. పిల్లల బట్టలకి ఏ దర్జీ అయినా అంతే చేస్తారు. బిగుతయ్యాక కుట్టు విప్పి కాస్త వదిలితే ఇంకో రెండేళ్ళు గడుస్తుంది. ఆ కుట్టు విప్పే పని రాలేదు. ఆసుపత్రివాళ్ళు ఆ చొక్కాని తడిగానే కవర్లో చుట్టి చేతిలో పెట్టారు. ఇంటికొచ్చి పిండి ఆరేసింది. మరుసటేడు వాడి పుట్టినరోజుకి బీరువాలోంచి తీస్తే రెండంగుళాలు పొడుగైంది.

ఆ పైయేడు భుజాలు సాగాయి. తర్వాత చేతులు. ఆమె టేపు పెట్టి కొలిచేది. కబురు వీధిలో అందరికీ తెలుసు. పక్కింటావిడ జాకెట్టు కుట్టించుకోడానికొచ్చి, "ఈ ఏడు ఎంత పెరిగాడు వదినా?" అని అడిగి వెళ్ళేది. ఆమె తమ్ముడు చూసి, "మేనమామ పోలికే అక్కా, ఆ భుజాలు చూడు," అని మురిసిపోయేవాడు. ఒక వయసొచ్చాక చంకల్లో చెమట వాసన మొదలైంది. కుర్రాడయ్యాడని ఆమె సబ్బు మార్చింది. ఒక ఏడు జేబు మూలన సిరా మరక. ఇంకో ఏడు పైగుండీ తెగిపోయి ఉంది, ఎవరితో కొట్లాడాడో. గుండీ కుట్టింది గానీ కత్తెర మాత్రం ఆ బట్ట దరిదాపులకి రానివ్వలేదు. ఈ లాడ్జిలో దిగిన రోజున కూడా, ఎవరిదని ఫోను అడిగితే చెప్పింది. లాడ్జి ఆవిడ తల ఊపి, లోపలికెళ్ళి, భుజాలు వెడల్పుగా ఉన్న హ్యాంగరు ఒకటి తెచ్చిచ్చింది.

ఆయన ఒక్కడే ఆ చొక్కాని ముట్టుకునేవాడు కాదు. అది వేలాడుతుంటే అటువైపు తిరిగి అన్నం కూడా తినేవాడు కాదు.

ఎందుకంటే పిల్లాడు పోయింది ఆయన వెంట పనిలోకి వెళ్ళి. సెలవురోజు, నేనూ వస్తా నాన్నా అని వెంటపడితే తీసుకెళ్ళాడు. ఏదో అపార్టుమెంటులో, నేలలో కట్టిన నీళ్ళ సంపు. ఇనపమూత తీసి, బాగుచేసిన మోటారు దించి, స్విచ్చి వేసొద్దామని మెట్లెక్కి పైకి వెళ్ళాడు. మూత తీసే ఉంది. అంతే.

మూత ఎందుకు వెయ్యలేదని ఆమె అడగలేదు. ఆ రోజు అడగలేదు, ఆ తర్వాతా అడగలేదు. వచ్చిన చుట్టాలందరూ అడిగారు, పోలీసులు అడిగారు. ఆమె అడగలేదు. అడిగితే ఆయన ఏదో ఒకటి చెప్తాడు, చెప్తే ఏడుస్తాడు, ఏడిస్తే తను ఓదార్చాల్సి వస్తుంది. ఓదార్చడం ఆమెకి ఇష్టం లేదు. ఆయనకి తను వేసిన శిక్ష అదేనని ఆమెకి తెలుసు, ఆయనకీ తెలుసు. 'ఏవండీ' అనడం మానేసింది. "అన్నం పెట్టాను," "కరెంటు పోయింది," అని గోడకి చెప్పినట్టు చెప్పేది. ఆయన సంపుల పని మానేసి, కొట్లో కూర్చుని తీగ చుట్టుకుంటూ ఉండిపోయాడు. స్నానానికి బకెట్టులో నీళ్ళు పట్టుకునేటప్పుడు కూడా మొహం పక్కకి తిప్పుకునేవాడు.

అటువంటి మనిషి, తమ్ముడు ఈ యాత్ర మాటెత్తగానే, "సముద్రం ఉన్న చోటు చూడు," అన్నాడు.

తమ్ముడు సంబరపడ్డాడు. "బావ మారాడక్కా!" అన్నాడు.

మారిన మనిషి బయల్దేరేముందు కొట్లో మోటార్లన్నీ ఎవరివి వాళ్ళకి అప్పగించేశాడు. తీగ చుట్టే మిషను పక్క కొట్టువాడికి ఊరికే ఇచ్చేశాడు. ఆమెని పిలిచి ఫ్యూజు ఎలా వెయ్యాలో, గ్యాసు ఎలా బుక్ చెయ్యాలో నేర్పాడు. తిరుగు టికెట్లు రెండూ నీ సంచిలోనే ఉంచుకో అన్నాడు. ఆమె అన్నీ చూసింది. చూస్తూ చూస్తూ ఫ్యూజు వెయ్యడం నేర్చుకుంది. ఏంటిదంతా అని అడగాలంటే ఆ మొదటి ప్రశ్న దాటుకుని పోవాలి. దాటలేకపోయింది.

ఈల ఉన్నన్నాళ్ళూ భయం లేకపోయింది. గైడు తలలు లెక్కపెట్టేవాడు. ఇవాళ ఈల లేదు. కిటికీలోంచి చూస్తే వీధి చివర, ఎండలో, ఆ సముద్రం నీలం.

లాడ్జి ఆవిడ మళ్ళీ వచ్చింది, చంకలో బుట్టతో. "మలిన వస్త్రములు దయచేయుడు. సాయంకాలమునకు తిరిగి ఇవ్వబడును."

ఆయన స్నానానికి వెళ్ళి ఉన్నాడు. టైలరమ్మ ఆయన బట్టలన్నీ బుట్టలో వేసింది. కట్టినవి, కట్టనివి, ఇస్త్రీ మడత చెదరనివి, అన్నీ. ప్యాంటు ఒక్కటి మిగల్చలేదు, చొక్కా ఒక్కటి మిగల్చలేదు. బుట్ట కిందికి వెళ్ళిపోయాక గానీ ఆమె గుండె కుదుటపడలేదు.

ఆయన తువ్వాలుతో బయటికొచ్చి పెట్టెలో వెతికాడు.

"నా ప్యాంటేది?"

"ఉతుక్కి వేశాను."

"అన్నీనా?"

"ఖాళీ రోజు కదా. మాసిన బట్టలతో దేశాలు తిరుగుతామా?"

"ఆ తెల్లది నిన్న మడత విప్పలేదే. అదేం మాసింది?"

"తెల్లవి మడతలోనే మాస్తాయి."

"అయితే నేను బయటికెళ్ళాలంటే?"

"ఎక్కడికెళ్ళాలి? ఈల ఊదలేదుగా."

ఆయన ఆమె వైపు చూశాడు. ఆమె దుప్పటి మడతపెడుతోంది. మడతపెట్టిన దుప్పటినే మళ్ళీ విప్పి మడతపెడుతోంది. "సరే," అన్నాడు ఆయన, మెల్లగా. పడుకునే నిక్కరు, బనీను వేసుకుని మంచం మీద కూర్చున్నాడు. ఇంటి దగ్గరైతే ఆ వేషంలో గుమ్మం దాటడు. పాలవాడొచ్చినా తువ్వాలు కప్పుకునే మనిషి. ఇక ఎక్కడికీ పోడు అనుకుంది ఆమె.

అనుకున్నాక ఆ రోజు తేలికైంది. చెయ్యడానికి ఏమీ లేని రోజు వాళ్ళిద్దరి మధ్యకి ఎన్నాళ్ళకో వచ్చింది. కింద నుంచి రొట్టె, టీ వచ్చాయి. రొట్టె చూసి ఆయన, "ఇది దిండులా ఉంది, తినమన్నారా, పడుకోమన్నారా," అన్నాడు. ఆమెకి నవ్వొచ్చింది. నవ్వు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక టీలో ముంచుకుని రొట్టె తినేసింది.

గదిలో ఫ్యాను వాళ్ళు దిగిన రోజునుంచీ కటకటమంటోంది. ఆ చప్పుడుకి ఆమెకి ఒక్కరాత్రీ సరిగ్గా నిద్ర లేదు. ఆయన కాసేపు తల పైకెత్తి విన్నాడు. తర్వాత కుర్చీ లాక్కుని ఎక్కాడు.

"పరాయి సొత్తు. పాడుచేస్తే ఎవరికి చెప్పుకుంటాం?" అంది ఆమె.

"పాడైందాన్ని ఇంకేం పాడుచేస్తాను? చెంచా ఇలా ఇవ్వు. నీ తలనూనె కూడా."

చెంచా కొనతో మరలు తిప్పాడు. లోపలి దుమ్ము ఊదాడు. వేలితో నూనెచుక్కలు వేసి, రెక్కని చిన్నగా తోసి, చెవి దగ్గరగా ఆనించి విన్నాడు. పిల్లాడి గుండె వినే డాక్టరులా ఉంది ఆ వాలకం. కుర్చీని ఆమె పట్టుకుంది. ఆయన కాలి పిక్క ఆమె మొహం దగ్గరే ఉంది. ఎంత సన్నబడిపోయాడో ఇన్నాళ్ళూ చూడలేదని అప్పుడు తెలిసింది. ఆయన ప్యాంట్లు ఆమే కదా బిగిస్తోంది, ఏటేటా నడుము దగ్గర కుట్టు లోపలికి వేస్తూ. చెయ్యి కొలిచింది గానీ కన్ను చూడలేదు.

స్విచ్చి వేస్తే ఫ్యాను చప్పుడు లేకుండా తిరిగింది.

"చూశావా టైలరమ్మా," అన్నాడు ఆయన.

ఆ పిలుపు ఎన్నేళ్ళదో. పెళ్ళయిన కొత్తలో వీధివాళ్ళని వెక్కిరించడానికి అనేవాడు. ఆమె తలనూనె సీసాకి మూత బిగించింది.

ఇద్దరూ బాల్కనీ తలుపు దగ్గర నేల మీద కూర్చున్నారు. ఎండ కాళ్ళ దాకా వచ్చింది. పైన చొక్కా వేలాడుతోంది, గాలికి చేతులు కదులుతున్నాయి. ఆయన తల ఎత్తి దాన్ని చూశాడు. చూపు తిప్పుకోలేదు.

"ఎంతున్నాడిప్పుడు?" అని అడిగాడు.

ఇన్నేళ్ళలో అడగని మాట. "మీ అంత."

"నా అంతా?"

"భుజం కొలతా మీదే, ఛాతీ కొలతా మీదే. టేపు పెట్టి చూశాను. చెయ్యి మాత్రం ఒక అరంగుళం పొడుగు."

"నాకంటే పొడుగవుతాడన్నమాట."

"మా తమ్ముడి పోలిక."

"మీ తమ్ముడి పోలికైతే బట్టతల కూడా వస్తుంది," అన్నాడు.

ఆమె పైకే నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఈ మనిషి చచ్చిపోడు, చావాలనుకున్నవాడు బట్టతల గురించి మాట్లాడతాడా అనుకుంది. గోడకి ఆనుకుని కాళ్ళు చాపింది. ఫ్యాను చప్పుడు లేదు. ఎన్నో రాత్రుల నిద్ర బాకీ ఉంది కళ్ళకి. కాసేపని రెప్ప వాల్చింది.

మెలకువ వచ్చేసరికి ఎండ కాళ్ళ మీంచి ఎదురుగోడ మీదికి పాకింది. తల కింద దిండు ఉంది. ఆమె పెట్టుకోలేదు. గదిలో ఎవరూ లేరు. తలుపు కొక్కేనికి వెడల్పు హ్యాంగరు వేలాడుతోంది, ఖాళీగా.

బాల్కనీలోంచి కిందికి చూసింది. వీధిలో ముసలివాళ్ళు, కుర్రాళ్ళు, పిల్లల్ని ఎత్తుకున్న తండ్రులు పోతున్నారు. అందరూ నిక్కర్లలోనే ఉన్నారు. ఊరంతా నిక్కర్లలోనే తిరుగుతోంది. వచ్చిన దగ్గర్నుంచీ రోజూ చూస్తూనే ఉంది. చూసి కూడా సొంత వీధి లెక్కే వేసుకుంది. ఆయన బట్టలన్నీ దాచేశాననుకుంది. పిల్లాడి చొక్కా ఆయన బట్టల్లో ఒకటని ఆమెకి తట్టలేదు.

చేతిసంచి పట్టుకుని చెప్పుల్లేకుండా మెట్లు దిగింది. వరండాలో లాడ్జి ఆవిడ బట్టలు ఇస్త్రీ చేస్తోంది. ఆమె మొహం చూసి ఫోను అందుకుంది.

"మీ భర్తగారు సముద్రము వైపునకు ఏగినారు. మీ కుమారుని చొక్కా వారికి చక్కగా అమరినది."

ఇసకలో పిల్లలు బంతి ఆడుతున్నారు. ఐసు అమ్మేవాడు గొడుగు కింద కూర్చుని ఐసుగడ్డని కత్తితో చెక్కుతున్నాడు. ఎవరికీ ఏ తొందరా లేదు. నీళ్ళలో నడుములోతున ఒక మనిషి వెళ్తున్నాడు, ఒడ్డుకి వీపు పెట్టి.

వెనక నుంచి చూస్తే అది ఆమె కొడుకు. నీలిగళ్ళ చొక్కా, వెడల్పు భుజాలు, సన్నటి మెడ. బతికుంటే ఈపాటికి ఇంతే ఉండేవాడు. ఇన్నాళ్ళూ హ్యాంగరు మీద చూసిన చొక్కాలో మనిషి నిండి నడుస్తుంటే ఆమె కాళ్ళు ఇసకలో దిగబడిపోయాయి. పిలిస్తే ఇటు తిరుగుతాడు. తిరిగితే మొహం ఆయనది. అందుకని పిలవలేదు. అలాగే చూస్తూ నిలబడింది. ఉప్పునీళ్ళకి రంగు పోతుందే అని కూడా అనుకుంది. ఆ సంగతి ఆమె తర్వాత ఎవరికీ చెప్పలేదు.

నీళ్ళు ఛాతీ దాకా వచ్చాయి. మనిషి ఆగాడు.

తనంతట తను ఆగలేదు. చొక్కా ముడుచుకుంటోంది. మణికట్టు దగ్గరుండాల్సిన చేతులు మోచేతుల పైకి ఎగబాకాయి. వీపు మీద బట్ట బిగుసుకుని, ఆయన భుజాలు రెండూ వెనక్కి విరిచినట్టయ్యాయి. ఆయన ముందుకి తోస్తున్నాడు, చొక్కా వెనక్కి లాగుతోంది. ఇంటికి పోదాం రా అని పిల్లాడు తండ్రిని మొండిగా గుంజినట్టు. ఒక అల ఆయన్ని కిందికి తొక్కింది. రెండో అల పైకి లేపింది. ఆ తర్వాతది తెచ్చి ఒడ్డున పడేసింది.

ఆమె పరిగెత్తింది. బంతి ఆట ఆగింది.

ఆయన ఇసక మీద వెల్లకిలా పడున్నాడు. ఒంటి మీద ఏడేళ్ళ పిల్లాడి చొక్కా. ఇంకా బిగుస్తూనే ఉంది. గుండీలు తెగడం లేదు, ఆమె కుట్టిన గుండీలు అంత తేలిగ్గా తెగవు. కాలరు మెడలోకి దిగిపోయింది. పక్కటెముకలు లేవడానికి చోటు లేదు. మొహం నల్లబడుతోంది. నీళ్ళలోంచి తండ్రిని లాక్కొచ్చిన పిల్లాడు ఒడ్డున వదలడం లేదు.

ఐసు అమ్మేవాడు కత్తి పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. చొక్కా అంచు పట్టుకున్నాడు.

"కొయ్యొద్దు!" అని అరిచింది ఆమె. భాష తెలియకపోయినా అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

చుట్టూ చేరినవాళ్ళు ఏదో అంటున్నారు. తొందరపడమంటున్నారని తెలుస్తోంది. ఆమె సంచిలోంచి కుట్లు విప్పే కొక్కెం తీసింది. ఆయన చెయ్యి పైకెత్తి, చంక కింద పక్కకుట్టు వెతికింది. తన కుట్టు తన వేలికి తెలుసు. కొక్కెం మొన మొదటి పోగు కింద పెట్టింది.

పెట్టి, ఆగింది.

ఈ కుట్టు విప్పితే ఇంక పెరగడు. అది ఎవరూ చెప్పకుండానే ఆమెకి తెలిసింది. విప్పకపోతే కాసేపట్లో ఆయన ఉండడు. ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి. విప్పమని ఆ కళ్ళు అడగడం లేదు.

"మూత ఎందుకు వెయ్యలేదు?" అంది.

ఇన్నేళ్ళ మాట, ఇసకలో, ముక్కూ మొహం తెలియని జనం మధ్య. గొంతు పెద్దది చెయ్యలేదు. కరెంటు పోయింది అన్నట్టే అడిగింది.

ఆయన పెదవులు కదిలాయి. ఆమె చెవి దగ్గరగా పెట్టింది.

"వాడే..." గాలి లేదు. మళ్ళీ ప్రయత్నించాడు. "నేనేస్తా నాన్నా, అన్నాడు."

కొక్కెం పోగు కిందే ఉంది.

"సరే అన్నాను," అన్నాడు ఆయన. "బరువని... చూడలేదు."

ఇనపమూత. దాన్ని ఎత్తబోయి, రెండు చేతులా పట్టుకుని, ఏడేళ్ళవాడు. నాన్న వచ్చేలోపు పని చేసి చూపిద్దామని. ఇది వాడి మీద నెట్టినట్టవుతుందని ఈ మనిషి పోలీసులకి చెప్పలేదు, చుట్టాలకి చెప్పలేదు, తనకి చెప్పలేదు. అందరూ తిడుతుంటే తలవంచుకుని కూర్చున్నాడు. తను అడగనూ లేదు.

ఆమె కొక్కెం తోసింది. సర్రున చంక నుంచి అంచు దాకా పోయింది. ఒక్క పోగు బట్ట తెగలేదు, దారమొకటే తెగింది. చొక్కా పట్టు వదిలి విచ్చుకుంది, కాలరు కూడా వదులైంది. ఆయన ఛాతీ ఒక్కసారి పైకెగిరి, గాలి పెద్ద చప్పుడుతో లోపలికి పోయింది.

"ఏవండీ," అంది ఆమె. "మెల్లగా. మెల్లగా తీసుకోండి."

జనం ఊపిరి పీల్చుకుని ఎవరి దారిన వాళ్ళు పోయారు. ఐసు అమ్మేవాడు ఒక గడ్డ తెచ్చి ఆయన మెడ మీద పెట్టి, డబ్బు తీసుకోకుండా వెళ్ళిపోయాడు. బంతి ఆట మళ్ళీ మొదలైంది.

గుండీలు విప్పి తీసిన చొక్కా ఆమె ఒళ్ళో ఉంది. పొట్టి చేతులు, చిన్న కాలరు. విప్పిన కుట్టు పక్కన, లోపలికి మడిచి వదిలిన బట్ట అలాగే ఉంది, మూడు వేళ్ళ వెడల్పున. పైబట్టంతా ఎన్నో ఉతుకులకి వెలిసిపోయింది. లోపలి బట్ట మాత్రం కొట్లో కొన్ననాటి నీలంలోనే ఉంది. అంత పెరిగినా, తండ్రంత అయినా, తను పెరగడానికని వదిలిన బట్టని వాడు ముట్టుకోనేలేదు. ఆమె దాని మీద వేళ్ళు పెట్టి చూసింది. సరిగ్గా మూడు వేళ్ళు.

లేచి నడిచారు. ఒంటిమీద చొక్కా లేని మొగుడు, కాళ్ళకి చెప్పుల్లేని పెళ్ళాం. ఆ ఊళ్ళో ఎవరూ తలతిప్పి చూడలేదు. లాడ్జి ఆవిడ వరండాలోనే ఉంది. ఆమె చేతిలో ముడుచుకుపోయిన చిన్న చొక్కాని చూసింది. ఫోను తియ్యలేదు. ఇస్త్రీ చేసిన బట్టల దొంతర ఇచ్చి, ఆమె వీపు మీద ఒకసారి చెయ్యి వేసి తీసేసింది.

గదిలో ఆయన తెల్లచొక్కా తొడుక్కున్నాడు. గుండీలు పడటం లేదు. ఆమె దగ్గరికొచ్చి కింది గుండీ నుంచి మొదలుపెట్టింది. పైగుండీ దగ్గరకొచ్చి ఆగిపోయింది. మెడ చుట్టూ ఎర్రటి గీత పడింది. కాలరు గీత. అది మానింది గానీ పోలేదు, చివరిదాకా అలాగే ఉండిపోయింది. ఆయన చొక్కాలకి ఆ తర్వాత ఆమె పైగుండీ కుట్టడం మానేసింది.

"నన్ను అక్కడే వదిలెయ్యాల్సింది," అన్నాడు ఆయన.

"అనుకున్నాను," అంది ఆమె. దాచలేదు. "దిండు ఎందుకు పెట్టారు నా తల కింద?"

"మెడ పట్టేస్తుందని."

పోయేవాడికి నా మెడ సంగతెందుకని అడగబోయి ఆమె మంచం మీద కూలబడి ఏడ్చింది. ఆయన నేల మీద కూర్చుని ఏడ్చాడు. ఓదార్చుకోలేదు. ఫ్యాను చప్పుడు లేకుండా తిరుగుతోంది. పక్కగదివాళ్ళకి అంతా వినపడే ఉంటుంది.

మర్నాడు పొద్దున్నే గైడు, దవడకి గుడ్డ కట్టుకుని, ఈల ఊదాడు. తలలు లెక్కపెట్టాడు. సరిపోయాయి.

ఆ ఏడు పిల్లాడి పుట్టినరోజుకి ఆమె బీరువా తెరిచింది. చొక్కా ఎలా పెట్టిందో అలాగే ఉంది. టేపు మెడలో ఉంది గానీ తియ్యలేదు. చేత్తో తడిమి మళ్ళీ తలుపు మూసింది.

కాసేపటికి పక్కింటావిడ జాకెట్టుగుడ్డ పట్టుకుని వచ్చింది. "ఈ ఏడు ఎంత పెరిగాడు వదినా?"

"పెరగలేదు."

"అంతేలే. ఆ వయసుకి మగపిల్లలు ఆగిపోతారు," అంది ఆవిడ, అరుగు మీద కూర్చుంటూ. "నేనే ఆగడం లేదు. ఏటేటా ఇలా ఊరిపోతున్నాను. కుట్లలో కాస్త ఎక్కువే వదులమ్మా."

టైలరమ్మ గుడ్డ పరిచి సుద్దతో గీత గీసింది. అప్పుడే లోపల్నుంచి ఆయన పనిసంచి భుజాన వేసుకుని బయటికొచ్చాడు. కొత్తగా కట్టిన ఇంట్లో మోటారు దించాలట, మనిషి దొరకలేదట, ఎవరో వచ్చి బతిమాలితే ఒప్పుకున్నాడు. ఇన్నేళ్ళకి మొదటిసారి. గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటున్నాడు. మెడ మీద గీత కనపడుతోంది.

"ఏవండీ," అంది ఆమె, కత్తెర చేతిలోనే ఉంచుకుని.

ఆయన ఆగాడు.

"మూత."

"నేనే వేస్తాను," అన్నాడు.